దగ్గితే పడే తడి గురించి ఏ మాటతో అడగాలి? కటి కండరాల పరిశోధనలో ఒక సందేహం

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను ఫిజియోథెరపీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది మూడో సంవత్సరం. కాన్పు తరువాత దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువు ఎత్తినప్పుడు తమకు తెలియకుండానే మూత్రం పడిపోయే స్త్రీలకు పన్నెండు వారాల పాటు కటి కండరాల (మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాల) వ్యాయామం నేర్పించి, దానివల్ల వారి రోజువారీ జీవితంలో ఎంత మార్పు వస్తుందో చూడటం నా పరిశోధనాంశం. తిరుపతిలోనూ, చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లోనూ వివరాలు సేకరిస్తున్నాను. వ్యాయామం పనిచేస్తుందా లేదా అన్నది నా సందేహం కాదు. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షలో 31 ప్రయోగాలను, 1817 మంది స్త్రీల వివరాలను కలిపి చూశారు. దగ్గితే, తుమ్మితే మూత్రం పడే స్త్రీలలో ఈ వ్యాయామం చేసినవారిలో 56 శాతం మంది తమకు నయమైందని చెప్పగా, చేయనివారిలో అలా చెప్పినవారు 6 శాతమే. ఇంత మేలు చేసే చికిత్సను మన ఊళ్ళ ఆడవాళ్ళ దాకా తీసుకుపోవడానికి నాకు మాటలు చాలడం లేదు. నేను అడగదలచుకున్నది అదే.

మొదట్లో నేను తయారుచేసుకున్న ప్రశ్న ఇది: "మీకు ఒత్తిడి వల్ల మూత్ర నియంత్రణ లోపం ఉందా?" వైద్య గ్రంథాల్లో ఉన్న "స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్" అన్న పేరుకు అది సరైన తెలుగే అనుకున్నాను. అక్కడ ఒత్తిడి అంటే దగ్గినప్పుడు పొట్టలో పెరిగే ఒత్తిడి, మనసుకు సంబంధించినది కాదు. పాకాల దగ్గర ఒక పల్లెలో, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె ఆ ప్రశ్న విని, "నాకేం ఒత్తిడి లేదు మేడమ్, మా ఇంట్లో అందురూ నన్ను బాగానే చూసుకుంటారు" అని జవాబిచ్చింది. పక్కనే నులకమంచం మీద కూర్చున్న ఆమె అత్తగారు సంతోషంగా తల ఊపారు. నేను "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టుకుని లేచాను. గడప దాటుతుండగా ఆమె నన్ను సాగనంపడానికి వచ్చి, తుమ్ము రాగానే చటుక్కున రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు అదిమిపట్టుకుని, తుమ్ము అయిపోయేదాకా కదలకుండా నిలబడింది. కాగితం మీద మాత్రం ఆమెకు ఏ సమస్యా లేదు. ఆ రోజు నుంచి నా దగ్గరున్న "లేదు" అన్న జవాబుల్లో ఎన్ని నిజమో అన్న దిగులు నన్ను వదలడం లేదు.

రెండో చిక్కు వ్యాయామం నేర్పేటప్పుడు వస్తోంది. "మూత్రం వస్తున్నప్పుడు బిగబట్టుకున్నట్టు బిగబట్టండి" అని చెబితే పదిమందిలో నలుగురైదుగురు ఊపిరి బిగబడుతున్నారు. ముఖం ఎర్రబడుతుంది, పొట్ట ముందుకు ఉబ్బుతుంది, కింది భాగం పైకి పోవలసింది పోయి కిందికి ఒత్తుకుంటుంది. అంటే నేను నేర్పవలసిన దానికి సరిగ్గా వ్యతిరేకం. కొందరికి లోపలి పరీక్ష చేసి చూపవచ్చు గాని, చాలామంది దానికి ఒప్పుకోరు. ఒప్పుకోనివారిని ఒత్తిడి చేసే హక్కు నాకు లేదు.

ఇక మూడోది. వేసవిలో చేరినవారిలో చాలామంది ఆరో వారం, ఏడో వారం వచ్చేసరికి రావడం మానేశారు. మా జిల్లాలో మామిడికాయల కాలం అది. గుజ్జు ఫ్యాక్టరీల్లో కూలి దొరుకుతుంది కాబట్టి వాళ్ళు నా కోసం ఆగరు, ఆగమని అడగడం న్యాయమూ కాదు. కాని ప్రతి సెమిస్టరుకూ సలహా సంఘం ముందు నిలబడినప్పుడు, ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు అనే రెండు అంకెలే అడుగుతారు. ఒకసారి ఒక పెద్దాయన, ఇంత చిన్న విషయానికి పీహెచ్‌డీ ఎందుకమ్మా అన్నారు. ఆ మాటకు ఆ గదిలో నేను జవాబు చెప్పలేకపోయాను. మా పాపకు రెండేళ్ళు. దాని కాన్పు తరువాత ఏడు నెలలు నేను కూడా ఇదే బాధ పడ్డాను కాబట్టి ఇది చిన్న విషయమని నాతో అనిపించడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న ఏ మాటల్లో అడగాలి, వ్యాయామాన్ని ఏ మాటల్లో చెప్పాలి, పరిశోధన మధ్యలో ఆ మాటలు మార్చుకోవచ్చా అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: ఫిజియోథెరపిస్టు, చిత్తూరు

అమ్మా, మీ రెండో చిక్కుతో మొదలుపెడతాను. నా పద్దెనిమిదేళ్ళ పనిలో ఎక్కువ కాలం నేను కూడా దానిలోనే ఇరుక్కున్నాను.

మాటతో మాత్రమే నేర్పితే ఈ వ్యాయామం తప్పుతుందని పాతకాలం నుంచీ తెలిసిన విషయమే. 1948లో దీన్ని వైద్యలోకానికి పరిచయం చేసిన ఆర్నాల్డ్ కెగెల్ కూడా నోటిమాటను నమ్ముకుని ఊరుకోలేదు. కండరం ఎంత బిగుస్తోందో ఆ స్త్రీ తన కళ్ళతో చూసుకునేలా పెరినియోమీటర్ అనే పరికరాన్ని తయారుచేశారు. 1991లో అమెరికాలో బంప్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 47 మంది స్త్రీలకు క్లుప్తంగా నోటితో చెప్పి చేయించి చూస్తే, సరిగ్గా చేసినవారు సగానికి కొంచెం తక్కువ. పావువంతు మంది చేసిన తీరు సమస్యను పెంచేలా ఉంది. అందువల్ల మీ దగ్గరికి వచ్చేవారు ఊపిరి బిగబడుతున్నారంటే, లోపం వాళ్ళదీ కాదు, పూర్తిగా మీదీ కాదు.

అయినా ఆ "బిగబట్టడం" అన్న మాటను మాత్రం మీరు ఈ రోజే వదిలేయండి. తెలుగులో ఆ మాట వినగానే శరీరం మొదట ఊపిరినే ఆపుతుంది. బరువు ఎత్తేవాడు, నీళ్ళలో మునిగేవాడు, పురిటి నొప్పుల్లో ముక్కేది, అందరూ చేసేది అదే కదా. ఊపిరి ఆగితే పొట్టలో ఒత్తిడి పెరిగి కిందికి తోస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూడమని చెప్పడం కూడా మంచిది కాదు. ఏ కండరమో తెలుసుకోవడానికి ఎప్పుడో ఒకసారి పర్వాలేదు గాని, దాన్నే వ్యాయామంగా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని అలవాటు పడుతుంది.

నేను ఇప్పుడు వాడే మాటలు నావి కావు. గంగాధర నెల్లూరు వైపు నుంచి వచ్చే పాడి రైతు ఒకావిడ నాకు ఇచ్చినవి. ఆవిడకు మూడు వారాలు నేర్పినా రాలేదు. నాలుగో వారం, పిత్తు బయటికి పోకుండా లోపలికి, పైకి లాక్కున్నట్టు చేయండి అని నేను చెబుతుంటే, ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆవు పేడ వేసినాక లోపలికి లాక్కుంటాది, అట్లనా?" అని అడిగింది. అదే క్షణంలో సరిగ్గా చేసింది. నా అరచెయ్యి ఆవిడ పొత్తికడుపు మీద ఉంది. పొట్ట కదలలేదు, ఊపిరి ఆగలేదు, పిరుదులు బిగుసుకోలేదు. యోగంలో గుర్రాన్ని చూసి పెట్టిన అశ్వినీ ముద్ర అన్న పేరు వెనుక ఉన్నదీ ఇదే పోలిక. గుర్రం మనవాళ్ళకు దూరం, ఆవు ప్రతి ఇంటి ముందూ ఉంటుంది. చేస్తూ చేస్తూ గట్టిగా ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టమనండి. నోరు మాట్లాడుతున్నంతసేపు ఊపిరి ఆగదు.

లోపలి పరీక్షకు ఒప్పుకోనివారి గురించి మీరు అన్నది నాకు నచ్చింది. మీ విభాగంలో అల్ట్రాసౌండ్ అందుబాటులో ఉంటే, పొత్తికడుపు మీద నుంచే మూత్రాశయం అడుగు పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అన్నది తెర మీద వారికే చూపించవచ్చు. బట్టలు తొలగించే అవసరం పెద్దగా ఉండదు కాబట్టి దీనికి చాలామంది ఒప్పుకుంటారు.

మరొక సంగతి. వారికి ఎనిమిదేసి సార్లు, రోజుకు మూడు పూటలు అని లెక్క ఇస్తున్నారనుకుంటాను. బ్రిటన్‌లో చికిత్సా పద్ధతులను నిర్దేశించే నైస్ సంస్థ మార్గదర్శకాలు చెప్పే కనీస లెక్క అదే, మూడు నెలల పాటు. కాని మొదటి వారంలోనే ఫలితం తెలిసేది మరొకటుంది. దగ్గు వచ్చే ముందు, పాలక్యాను ఎత్తే ముందు, బిందె నడుముకు ఎత్తుకునే ముందు, ఆ కండరాన్ని ఒక్క క్షణం ముందుగా లోపలికి లాక్కోవడం. కండరానికి బలం రావడానికి నెలలు పడుతుంది, ఈ సమయస్ఫూర్తి మాత్రం వారం రోజుల్లో అలవడుతుంది. తడి తగ్గిందని మొదటి వారంలోనే తెలిసిన మనిషి రెండో వారం తప్పకుండా వస్తుంది.

జవాబు 2: ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ పూర్తిచేసినవారు, తిరుపతి

మీ ప్రశ్నల్లో చివరిదానికి జవాబు చెబుతాను.

మాటలు మార్చుకోవచ్చు గాని ఏ మాటలన్నది వేరుచేసి చూసుకోవాలి. సమస్య తీవ్రతను కొలవడానికి మీరు ఐసీఐక్యూ లాంటి ప్రామాణిక ప్రశ్నావళిని వాడుతుంటే, దాని వాక్యాలను మీ అంతట మీరు ముట్టుకోకూడదు. 0 నుంచి 21 దాకా వచ్చే ఆ మార్కును మరో చోట, మరో భాషలో వచ్చిన మార్కుతో పోల్చగలగడమే దాని ప్రయోజనం. అనువాదం సరిగా లేదనిపిస్తే దానికో పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, ఆ రెంటినీ ఒకటిగా కుదర్చాలి, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, ఆ తరువాత కొద్దిమంది స్త్రీల దగ్గర కూర్చుని, ఒక్కొక్క ప్రశ్న విన్నప్పుడు వారికి ఏమి అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకోవాలి. చాలామంది ఆ చివరి మెట్టును ఎగరగొడతారు. మీ "ఒత్తిడి" దొరికిపోయేది సరిగ్గా అక్కడే.

అలా కాక, ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకోవడానికి మీరే రాసుకున్న తొలి ప్రశ్న, వ్యాయామం నేర్పేటప్పుడు చెప్పే మాటలు మీ సొంతం. వాటిని మార్చవచ్చు. అయితే ముందు ఎథిక్స్ కమిటీకి సవరణ పత్రం సమర్పించి, అనుమతి వచ్చాకే కొత్త మాటలు వాడాలి. మీ ప్రయోగం సీటీఆర్‌ఐలో (మన దేశంలో జరిగే వైద్య ప్రయోగాల నమోదు పట్టికలో) నమోదై ఉంటుంది కాబట్టి అక్కడ కూడా ఆ మార్పును చేర్చండి. ఏ తేదీ నుంచి కొత్త మాటలు మొదలయ్యాయో మీ పుస్తకంలో రాసిపెట్టుకుంటే, పాత మాటలతో ఎంతమంది "ఉంది" అన్నారు, కొత్త మాటలతో ఎంతమంది అన్నారు అని పోల్చి మీ థీసిస్‌లోనే ఒక అధ్యాయం రాయవచ్చు. ఆ పెద్దాయన ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు ఉండదని నా అభిప్రాయం. పాత పద్ధతిలో "లేదు" అన్నవారిని అనుమతితో మళ్ళీ కలిసి, కొత్త ప్రశ్న అడగడానికీ వీలుంటుంది.

మామిడి కాలంలో మానేసినవారిని లెక్క నుంచి కొట్టేయకండి. మొదట ఏ గుంపులో చేరారో ఆ గుంపులోనే ఉంచి విశ్లేషించాలి, ఎందుకు మానేశారో కారణం కూడా రాయాలి. రాబోయే గుంపును సంక్రాంతి తరువాత చేర్చుకుంటే పన్నెండు వారాలూ కాయకోతకు ముందే పూర్తవుతాయి. మన ఊళ్ళో పెరటాసి శనివారాలూ, బ్రహ్మోత్సవాలూ ఉన్న నెలలో బస్సులు దొరకవు, వచ్చేవారు తక్కువవుతారు. దానినీ మనసులో పెట్టుకోండి.

మీరు అడగకపోయినా పాప గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్ళు, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్ళు, స్త్రీలకు దానిపైన ఇంకో రెండేళ్ళ సడలింపు ఉంది. ప్రసూతికి, శిశు సంరక్షణకు కలిపి 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చని కూడా ఉంది. మీ విశ్వవిద్యాలయం దాన్ని తన నిబంధనల్లో ఎలా చేర్చుకుందో పరిశోధన విభాగంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నోటిమాటగా ఎవరో గడువు అయిపోయిందంటే నమ్మి, నాకు తెలిసిన ఒక అమ్మాయి మధ్యలో మానేసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జవాబు 3: ఉపాధ్యాయురాలు, పుత్తూరు

నేను వైద్యరంగానికి చెందినదాన్ని కాదు. మీరు వెతుకుతున్న స్త్రీలలో ఒకదాన్ని.

రెండో కాన్పు తరువాత పదకొండేళ్ళు నాకు ఈ బాధ ఉండేది. బడికి వెళ్ళే రోజు పొద్దున కాఫీ తప్ప మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు తాగేదాన్ని కాదు. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి, మంట పుట్టి, ఆపుకోవడం మరింత కష్టమవుతుందని చాలా కాలం తరువాత తెలిసింది. మా అబ్బాయి పుట్టువెంట్రుకల మొక్కుకు అలిపిరి నుంచి నడిచి ఎక్కాము. 3550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసమే తప్ప మరేమీ లేదు. గాలిగోపురం దాటాక దగ్గు తెర వచ్చింది. తడిసిన చీరతో స్వామి దగ్గరికి ఎలా వెళ్ళాలన్న దుఃఖంతో అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. కాళ్ళు నొప్పులని ఇంట్లోవాళ్ళకు చెప్పాను.

అంతకు ముందు నన్ను ఎవరూ అడగలేదా అంటే అడిగారు. ఒక ఆస్పత్రిలో మా అత్తగారు పక్కన ఉండగా, గదికి తెర కూడా లేకుండా, యూరిన్ ప్రాబ్లం ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. మీ పాకాల ఆమె చెప్పినట్టే. ఆ తరువాత మరెప్పుడో రక్తపోటు చూడటానికి వచ్చిన నర్సమ్మ ఒకరు, నా చేతికి పట్టీ చుడుతూ, నా ముఖం చూడకుండానే, "పిల్లలు పుట్టినాక మనలో శానామందికి తుమ్మితే చీర మార్చుకోవాల్సి వస్తాది. మీకూ అట్లా ఉందా అమ్మా?" అని అడిగింది. పదకొండేళ్ళుగా దాచుకున్నది ఆ ఒక్క ప్రశ్నకు బయటికి వచ్చేసింది. ఎందుకని తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె రోగం పేరు చెప్పలేదు, చీర గురించి అడిగింది. "మనలో" అన్నది. సమాధానం చెప్పేటప్పుడు నేను ఆమె కళ్ళలోకి చూడవలసిన అవసరం లేకుండా చేసింది.

మరొక మాట. అత్తగారిని బయట కూర్చోబెట్టండి, కాని వదిలేయకండి. నేను వ్యాయామం మొదలుపెట్టిన రెండో నెలలో మా అత్తగారు వంటింట్లో నా పక్కన నిలబడి, ఆ చేసేదేదో తనకూ చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళుగా పాత పంచె ముక్కలు మడిచి పెట్టుకుంటున్నారట. ఒకే ఇంట్లో ఇద్దరమూ ఒకరికి తెలియకుండా ఒకరం గుడ్డలు ఉతికి, దండెం మీద చీరల కింద ఆరేసుకున్నాము.

జవాబు 4: విశ్రాంత ఏఎన్ఎం, పలమనేరు

టీచరమ్మ చెప్పినది అక్షరాలా నిజం. నేను ముప్పై ఏళ్ళు ఇళ్ళకు తిరిగినదాన్ని కాబట్టి రెండు మాటలు. మా వైపు మూత్రం అన్న మాట ఆస్పత్రిలోనే వింటారు, ఇంట్లో "ఒంటికి పోవడం" అంటారు. ఆ మాటతో అడిగితే తడుముకోకుండా చెబుతారు. పాలు పోసి వచ్చాక, మధ్యాహ్నం వంట కాకముందు వెళ్ళండి. అప్పుడు మగవాళ్ళు ఇంట్లో ఉండరు.

రెండోది, అందరినీ వ్యాయామంలో చేర్చేయకండి. దగ్గినా దగ్గకపోయినా రాత్రీపగలూ కారుతూనే ఉందంటే, ముఖ్యంగా కష్టమైన కాన్పు తరువాత అలా మొదలైందంటే, మూత్రాశయానికి రంధ్రం పడి ఉండవచ్చు. అది వ్యాయామంతో మానేది కాదు. మూత్రంలో రక్తం పడుతున్నా, కింద గడ్డలాగా ఏదో జారి బయటికి తగులుతున్నా ముందు స్త్రీల వైద్యురాలికి చూపించాలి. మాటిమాటికీ పోతున్నవారికి చక్కెర పరీక్ష చేయించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి పాప నిద్రపోయాక కూర్చుని నా తొలి ప్రశ్నను తిరిగి రాశాను. "పిల్లలు పుట్టినాక మనలో చాలామందికి దగ్గినా, తుమ్మినా, బరువు ఎత్తినా ఆపుకోలేక కొంచెం ఒంటికి పడిపోతుంది. మీకు ఎప్పుడైనా అలా జరిగి చీర గాని, లంగా గాని మార్చుకోవలసి వచ్చిందా?" దీని తరువాత రెండో ప్రశ్నగా, ఏఎన్ఎం అమ్మగారు చెప్పినట్టు, దగ్గకుండానే ఎప్పుడూ కారుతోందా అని విడిగా అడుగుతాను. "మనలో చాలామందికి" అన్న మాట ప్రశ్నకు ముందు పెడితే జవాబును ముందే సూచించినట్టు అవుతుందని మా గైడ్ మేడమ్ సందేహించారు. ఆ సందేహం సరైనదే కాబట్టి, "ఉంది" అన్నవారిని మూడు రోజుల పాటు తడి పడినప్పుడల్లా గోడ మీద క్యాలెండరులో చుక్క పెట్టమని అడిగి, ఆ తరువాతే చేర్చుకోవాలని ఇద్దరమూ అనుకున్నాము. చదువు రానివారు కూడా చుక్క పెట్టగలరు.

ఎథిక్స్ కమిటీకి సవరణ పత్రం సోమవారం ఇస్తున్నాను. అనుమతి వచ్చాక మొదట పాకాల దగ్గరి ఆ ఇంటికే వెళ్తాను. చిత్తూరు సార్, మీరు చెప్పిన ఆవు పోలికను నిన్న మా విభాగానికి వచ్చిన ఇద్దరి దగ్గర, పరిశోధనలో భాగంగా కాకుండా మామూలు చికిత్సలోనే చెప్పి చూశాను. ఒకరికి వెంటనే వచ్చింది. రెండో ఆవిడ తిరుపతి టౌనులో పుట్టి పెరిగిన మనిషి, నవ్వి, తాను ఆవును అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదన్నది. ఆమెకు లిఫ్టు పైకి పోతున్నట్టు అని చెప్పాను, అప్పుడు వచ్చింది. సవరణ పత్రంలో రెండు పోలికలూ రాస్తున్నాను.